ఇంట్లో గ్రంథాలయానికి అప్పు చేయాలా?

ప్రశ్న: మా ఇంట్లో ఒక గది ఖాళీ అయింది. దాన్ని గ్రంథాలయంగా మార్చుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. 400 దాకా పుస్తకాలున్నాయి, సగం ఇంకా అట్టపెట్టెల్లోనే. 4 మీటర్ల గోడ పొడవునా, ఏడు వరసలుగా, అద్దాల తలుపులతో బీరువాలు చేయడానికి వడ్రంగి రెండున్నర నెలల జీతమంత అడుగుతున్నారు. 80 సెంటీమీటర్ల వెడల్పు, ఆరు అరలు ఉన్న రెడీమేడ్ బీరువా ఒక్కోటి నెల జీతంలో 12 శాతానికి దొరుకుతోంది. ఖర్చులన్నీ పోను నెలకు జీతంలో 15 శాతం మిగులుతుంది. బ్యాంకులో మూడు నెలల జీతమంత ఉంది, అప్పులేమీ లేవు. బ్యాంకు డబ్బు తీయమంటారా, కార్డు మీద పెట్టి తీర్చుకోమంటారా? పుస్తకాల విలువ పెరుగుతుంది, ఇదీ పెట్టుబడే అని మిత్రులంటున్నారు. నిజమేనా?

జవాబు: బ్యాంకులో ఉన్నది తీయొద్దు, కార్డు జోలికి పోవద్దు. గది మాత్రం తప్పకుండా ఏర్పాటు చేసుకోండి. మీ నెలవారీ మిగులులో మూడో వంతు పెడితే చాలు, తొమ్మిది నెలల్లో మీ పుస్తకాలన్నీ పెట్టెల్లోంచి బయటికి వచ్చేస్తాయి.

ముందు బ్యాంకు డబ్బు సంగతి. మీ ఖర్చు జీతంలో 85 శాతం. అంటే మూడు నెలల జీతం మీకు సుమారు మూడున్నర నెలల ఖర్చుకు సరిపోతుంది. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలని నా అభిప్రాయం. ఆ లెక్కన మీకు ఇంకో 2.1 నెలల జీతం తక్కువే ఉంది. ఇప్పుడు వడ్రంగికి రెండున్నర నెలలది ఇచ్చేస్తే మిగిలే అర నెల జీతం పద్దెనిమిది రోజుల ఖర్చుకు కూడా రాదు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైనా గోడకు బిగించిన బీరువాను తిరిగి డబ్బుగా మార్చుకోలేరు.

కార్డు ఇంకా నష్టం. నెలకు 3 శాతం వడ్డీ అనుకోండి. రెండున్నర నెలల జీతం మీద మొదటి నెల వడ్డీయే జీతంలో 7.5 శాతం. మీ మిగులు 15 శాతం మొత్తం కట్టినా అందులో సగం వడ్డీకే పోతుంది. ఈ లెక్కన బాకీ తీరడానికి 24 నెలలు పడుతుంది, కట్టేది మూడున్నర నెలల జీతం అవుతుంది. ఆ రెండేళ్లూ పొదుపులోకి ఒక్క పైసా చేరదు, ఒక్క కొత్త పుస్తకమూ రాదు.

‘సున్నా వడ్డీ వాయిదాలు’ అని దుకాణం వాళ్లు చెబితే ఒకటే అడగండి: రొక్కం ఇస్తే ఎంతకిస్తారు? రొక్కానికి 5 శాతం తగ్గిస్తామంటే, ఆరు నెలల సున్నా వడ్డీ వాయిదాలో మీరు నిజానికి ఏడాదికి 18 శాతం దాకా వడ్డీ కడుతున్నట్టే. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది దీనికి అదనం. ఫ్లాట్ రేటు మీద ఇచ్చే అప్పూ అంతే. 12 శాతం ఫ్లాట్ అంటే, ఏడాదిలో తీర్చే అప్పుకు అసలు వడ్డీ 21 శాతం పైమాటే. మీరు ప్రతి నెలా అసలు కొంత తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు బాకీ మీదే లెక్క వేస్తారు కాబట్టి ఇలా అవుతుంది.

ఇక అసలు విషయం. వడ్రంగి చెప్పిన బీరువా మీ అవసరానికి చాలా పెద్దది. మామూలు పుస్తకం మందం సగటున రెండున్నర సెంటీమీటర్లు వేసుకోండి. 400 పుస్తకాలకు 10 మీటర్ల అర కావాలి. గోడ బీరువాలో 4 మీటర్ల వరసలు ఏడు, అంటే 28 మీటర్లు, 1,100 పుస్తకాల చోటు. అందులో 18 మీటర్లు ఖాళీగా ఉంటాయి, వాటికి కూడా ఈరోజే డబ్బు కట్టాలి. రెడీమేడ్ బీరువా ఒక్కోటి 4.8 మీటర్లు ఇస్తుంది. మూడు కొంటే 14.4 మీటర్లు. ఉన్నవన్నీ సర్దాక మరో 170 పుస్తకాలకు చోటు మిగులుతుంది. ఇది నా అంచనా మాత్రమే. మీరు పుస్తకాలను నేలమీద వరసగా నిలబెట్టి టేపుతో కొలవండి. నిఘంటువులు, బొమ్మల పుస్తకాలు ఎక్కువుంటే లెక్క మారుతుంది.

నెలవారీ పంపకం ఇలా చేయండి. మిగులు 15 శాతంలో 10 శాతం అత్యవసర నిధికి. 21 నెలల్లో ఆరు నెలల ఖర్చు నిండుతుంది. మిగతా 5 శాతం గ్రంథాలయానికి వేరే పొదుపు ఖాతాలో వేయండి. జీతం ఖాతాలోనే ఉంచితే కనబడకుండా ఖర్చయిపోతుంది. ఆ 5 లో 4 శాతం బీరువాలకు, 1 శాతం కొత్త పుస్తకాలకు. మూడో నెలలో మొదటి బీరువా, ఆరో నెలలో రెండోది, తొమ్మిదో నెలలో మూడోది, అన్నీ రొక్కానికే. తర్వాతి మూడు నెలల్లో బీరువాల వాటా కింద పోగయ్యే 12 శాతంలో సగం దీపం, కుర్చీ, పుస్తకాల సంరక్షణకు వాడండి, సగం పుస్తకాలకు. ఏడాదికి పుస్తకాల మీద నెల జీతంలో 18 శాతం ఖర్చవుతుంది. ఇది చిన్న మొత్తమేమీ కాదు.

బీరువా కొనేటప్పుడు మాత్రం తొందరపడకండి. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మీటరు పొడవు పుస్తకాలు 30 కిలోల దాకా తూగుతాయి, నున్నటి కాగితం మీద అచ్చయిన పెద్ద పుస్తకాలు 40 దాటుతాయి. అంటే మీ 80 సెంటీమీటర్ల అర మీద ఎల్లకాలం 24 కిలోలు ఉంటాయి. బట్టలకో బొమ్మలకో తయారుచేసిన అర దీనికి ఆగదు. అర కుంగడం దాని పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 80 నుంచి 100 సెంటీమీటర్లకు పెంచితే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ కుంగుతుంది. మందం పెంచితే అంతగానూ లాభం: 18 మిల్లీమీటర్ల చెక్కకు బదులు 25 వేస్తే కుంగుబాటు దాదాపు 37 శాతానికి తగ్గుతుంది. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అయితే 18 మిల్లీమీటర్ల మందానికి 60 సెంటీమీటర్లు దాటకుండా చూడండి. 80 కావాలంటే ప్లైవుడ్ అడగండి, లేదా మధ్యలో నిలువు చెక్క ఒకటి ఉండాలి. ముందు అంచుకు 4 సెంటీమీటర్ల నిలువు పట్టీ కొట్టిస్తే చాలా గట్టిపడుతుంది. పార్టికల్ బోర్డు మొదటి నెల బాగానే కనిపిస్తుంది, తర్వాత బరువు కింద ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంగుతూనే ఉంటుంది. ఒకసారి వంగింది మళ్లీ తిన్నగా కాదు. తిప్పి వేసుకోవచ్చు, అంతే. మీరు చెప్పిన బీరువా ఏ చెక్కతో చేసిందో అడిగాకే 12 శాతం తక్కువ ధరో ఎక్కువ ధరో తేలుతుంది.

లోతు 25 నుంచి 30 సెంటీమీటర్లు చాలు. అంతకంటే లోతైనది కొంటే వెనక ఇంకో వరస పెడతారు, వెనకున్నది కనబడదు, ఉన్న పుస్తకమే మళ్లీ కొంటారు. డెమ్మీ సైజు పుస్తకం ఎత్తు 21, 22 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అరల మధ్య 25 సరిపోతుంది. పెద్ద పుస్తకాలకు కింద ఒకటి రెండు అరలు 34 దాకా వదలండి. అరలు జరుపుకునే వీలున్న బీరువా అయితే మంచిది. ప్రతి బీరువానూ పైన గోడకు బిగించి తీరాలి. నిండిన బీరువా 150 కిలోలు దాటుతుంది, పిల్లలు అర పట్టుకుని ఎక్కితే మీద పడుతుంది. పై అంతస్తు గది అయితే బీరువాలను గది మధ్యలో కాకుండా గోడల వెంట సర్దండి. పాతకాలపు చెక్క అంతస్తు అయితే ఇంజనీరుకు ఒకసారి చూపించండి.

అద్దె ఇంట్లో ఉంటే గోడ బీరువా ఆలోచన పూర్తిగా మానేయండి, దాన్ని వెంట తీసుకెళ్లలేరు.

పెట్టుబడి మాటకు వస్తాను. మామూలు పుస్తకం కొన్నరోజే విలువ కోల్పోతుంది. తిరిగి అమ్మితే కొన్న ధరలో చిన్న భాగమే వస్తుంది, అదీ కొనేవాళ్లు దొరికితే. అరుదైన తొలి ముద్రణలకు ధర పెరగడం నిజమే, కానీ అక్కడ ముద్రణ ఏది, పైఅట్ట ఉందా, మరకలున్నాయా అనేవే ధరను తేలుస్తాయి. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా కూడా చాలా ఎక్కువ. అందుకని మీ ఆస్తుల పట్టికలో పుస్తకాలను రాసుకోవద్దు. చదువుకోవడానికి చేసే ఖర్చుగానే చూడండి, ఆ ఖర్చుకు వేరే సమర్థన అక్కర్లేదు.

ఖర్చు అదుపు తప్పేది ఎక్కడంటే, కొనే వేగం చదివే వేగాన్ని దాటినప్పుడు. నెలకు రెండు చదివి ఆరు కొంటే ఏడాదికి 48 పుస్తకాలు చదవకుండా మిగులుతాయి. వాటికి 1.2 మీటర్ల అర కావాలి, అంటే మూడేళ్లు తిరిగేసరికి చదవని పుస్తకాల కోసమే ముక్కాలు బీరువా నిండుతుంది. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, వంట పుస్తకాల వంటివి ఈ లెక్కలోకి రావు, అవి అవసరమైనప్పుడు తెరిచేవి. కథలు, నవలలు మాత్రం ముందు దగ్గర్లోని గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని చదవండి, మళ్లీ చదవాలనిపించినవే కొనండి. కాపీహక్కు తీరినవి 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ లాంటి ఆన్‌లైన్ గ్రంథాలయాల్లో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టి కొనే ఈ-బుక్ చోటు ఆదా చేస్తుంది కానీ, చాలా వేదికల్లో మీరు కొనేది చదువుకునే అనుమతి మాత్రమే. దాన్ని తిరిగి అమ్మలేరు.

పాత పుస్తకాలతో ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే పురుగు ఉన్న ఒక్క పుస్తకం అర మొత్తాన్ని పాడు చేయగలదు. కొనే ముందు వీపు దగ్గర అట్టను మెల్లగా తెరిచి చూడండి: సన్నటి పొడి రాలుతోందా, గుండుసూది మందాన రంధ్రాలున్నాయా, ముక్కిపోయిన వాసన వస్తోందా. అనుమానముంటే గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజు బయట ఉంచాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. కాగితానికి తడి తగిలి బూజు వాసన వేస్తే ఎంత చవకైనా వదిలేయండి.

సంరక్షణకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి మొదటి నెల పుస్తకాల డబ్బుతోనే కొని ఆ గదిలో పెట్టండి. 35 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 65 దాటి నిలిచిపోతే బూజు మొదలవుతుంది, జిగురు తినే సిల్వర్‌ఫిష్ పురుగులు పెరుగుతాయి. అప్పుడు బీరువా కొనే ముందు గోడ చెమ్మ సంగతి తేల్చుకోండి, ఆ నెల డబ్బు దానికే వాడండి. బయటి గోడకు బీరువాను ఆనించకుండా ఐదు సెంటీమీటర్లు ఎడం ఉంచండి, కింది అర నేలకు పది సెంటీమీటర్లయినా పైన ఉండాలి, నేరుగా ఎండ పడకూడదు. అద్దాల తలుపులు దుమ్మును ఆపుతాయి, గాలినీ ఆపుతాయి. చెమ్మ ఉన్న గదిలో అవి హానే చేస్తాయి, పైగా ధర పెంచుతాయి. మీకు తలుపుల్లేనివే చాలు.

పుస్తకాలు అరల్లోకి ఎక్కిస్తున్నప్పుడే పట్టిక రాయండి, తర్వాత ఎవరూ రాయరు. స్ప్రెడ్‌షీట్‌లో పేరు, రచయిత, ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చేసే గుర్తింపు సంఖ్య), అర నంబరు, కొన్న ధర, ఎవరికి ఇచ్చారు అనే ఆరు గడులు చాలు. 2007 నుంచి ఐఎస్‌బీఎన్ 13 అంకెలు, అంతకుముందు 10. బాగా పాతవాటికి ఉండకపోవచ్చు. ఫోన్లో ఈ పట్టిక ఉంటే దుకాణంలో నిలబడి ఉన్నదే మళ్లీ కొనకుండా ఉంటారు. అరల ఫొటోలు కూడా తీసి ఇంటికి బయట ఎక్కడైనా దాచండి. ఇంటి సామాన్ల బీమా ఉంటే అగ్నిప్రమాదానికో దొంగతనానికో క్లెయిము చేసేటప్పుడు ఇవే సాక్ష్యం. అరుదైన పుస్తకముంటే పాలసీలో విడిగా రాయించాలి. చెదలు, పురుగులు, మెల్లగా చేరిన చెమ్మ వల్ల జరిగే నష్టానికి మాత్రం బీమా సాధారణంగా డబ్బు ఇవ్వదు.

మధ్యలో బోనస్‌ లాంటిది ఏదైనా వస్తే మూడింట రెండు వంతులు అత్యవసర నిధిలో వేయండి, మిగతా వంతుతో తర్వాతి బీరువా ముందుగా తెచ్చుకోవచ్చు. మూడు బీరువాలూ నిండి, ఆరు నెలల నిధీ పూర్తయి, ఆ ఇంట్లోనే ఉంటామన్న నమ్మకం కుదిరాక వడ్రంగిని మళ్లీ పిలవండి. అప్పుడు నెలకు 15 శాతం మొత్తం మీ చేతిలో ఉంటుంది, రెండున్నర నెలల జీతం పోగు చేయడానికి 17 నెలలు చాలు.