వాడిన ఫోర్డ్ కారు ఫోకస్ ఆర్ఎస్‌లో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) లోపం రీకాల్ చెక్‌లో కనిపిస్తుందా?

కనిపించదు, ఫోర్డ్ 2018లో ఉచితంగా మొదలుపెట్టిన ఈ గ్యాస్కెట్ మార్పిడి (కార్యక్రమం నంబరు 17బి32) భద్రతా రీకాల్ కాదు, కస్టమర్ల కోసం నడిపిన రిపేరు కార్యక్రమం. అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) కొడితే ఇంకా చేయించని భద్రతా రీకాల్స్ మాత్రమే వస్తాయి. "రీకాల్స్ సున్నా, బండి క్లీన్" అనుకోవడం అందుకే పొరపాటు.

ఆర్ఎస్‌లోని 2.3 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్ ఫోర్డ్ మరో కారు మస్టాంగ్‌లోనూ ఉంది, కానీ రెండింట్లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) దారులు ఒకేలా ఉండవు. 2016, 2017 మోడల్ ఆర్ఎస్‌లలో కొన్నింటికి మస్టాంగ్ గ్యాస్కెట్ పడింది. దాంతో కూలెంట్ మెల్లగా సిలిండర్లోకి దిగుతుంది.

ఉదాహరణకు, రాత్రంతా ఆపి ఉంచిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ పనిచేయనట్టు వణికి, తీపి వాసనతో తెల్లపొగ వదులుతుంది. కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గుతూ పోతుంది. వేడెక్కాక అంతా మామూలే. అందుకే మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే అనుమానించాలి, ఇంకోరోజు చల్లటి ఇంజన్ మీదే చూడాలి. చలికాలంలో వాసన లేని పలుచని ఆవిరి మాత్రం లోపం కాదు.

విన్ నంబరుతో ఫోర్డ్ డీలర్ దగ్గర 17బి32 పూర్తయిందో లేదో అడగండి. బిల్లులో గ్యాస్కెట్‌తోపాటు హెడ్ వంగిందేమో కొలిచినట్టు రాసి ఉంటే ఇంకా మంచిది.