నల్లగొండ ఆకాశం నుంచి మొదలుపెట్టు

తమ్మీ,

నీ వ్యాసం చదివాను. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల పగలూ రాత్రీ, సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల ఏడాది, అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్ల కాలాలు, అన్నీ సరిగ్గానే రాశావు. కానీ దాన్ని ఢిల్లీలో కూర్చున్నవాళ్లు రాసినా అచ్చం అలాగే ఉండేది. నల్లగొండ పిల్లగాడు రాశాడన్న ఆనవాలు ఒక్కటీ కనబడలేదు, నాకు బాధ అనిపించింది అక్కడే.

మిరుగు నాడు, అంటే జూన్‌లో మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మీ ఇంట్లో చేపల కూర వండుతారు కదా, అక్కడ మొదలుపెట్టు. మృగశిర కార్తె అంటే సూర్యుడు ఆ రోజుల్లో మృగశిర నక్షత్రం ఉన్న దిక్కున కనబడతాడని. భూమి ముందుకు పోతున్న కొద్దీ మనకు సూర్యుడి వెనక ఉండే చుక్కలు మారుతూ ఉంటాయి, 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 13, 14 రోజులు, మళ్లీ మొదటికొచ్చేసరికి ఏడాది తిరుగుతుంది. అంటే మీ నాయిన ‘మిరుగొచ్చింది, విత్తనాలు చూసుకోవాలె’ అన్నప్పుడు భూమి తన కక్ష్యలో ఎక్కడుందో చెప్తున్నట్టే. ఇంకో సంగతి చాలామంది గమనించరు: మృగశిర కార్తెలో రాత్రంతా వెతికినా మృగశిర కనబడదు, ఎందుకంటే అది పగటిపూట సూర్యుడితో పాటే ఆకాశంలో ఉంటుంది. అదే డిసెంబర్ నడుమ అర్ధరాత్రి బయటికొచ్చి చూడు, దాదాపు నడినెత్తిన ఉంటుంది. అప్పటికి భూమి కక్ష్యలో అటువైపుకు చేరి ఉంటుంది కాబట్టి. ఈ ఒక్క ముక్క వివరంగా రాస్తే చదివేవాళ్లకు కక్ష్య కళ్లకు కట్టినట్టు ఉంటుంది, బొమ్మ కూడా అక్కర్లేదు.

అక్కడి నుంచి రోజు లెక్కలోకి దిగు. ఏ చుక్కైనా నిన్నటి కంటే ఇవాళ దాదాపు 4 నిమిషాలు ముందే పొడుస్తుంది. భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలే, అయితే ఆలోపు అది కక్ష్యలో కొంచెం ముందుకు జరుగుతుంది గనక సూర్యుడు మళ్లీ నెత్తి మీదికి రావడానికి ఇంకో డిగ్రీ తిరగాలి, అదే ఆ 4 నిమిషాలు. అవన్నీ పోగుపడి ఏడాదికి ఒక రోజంత అవుతాయి, అందుకే 365 రోజుల్లో భూమి తన చుట్టూ 366 సార్లు తిరుగుతుంది. నాకు ఇప్పటికీ ఇది తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఎండ గురించి నువ్వు రాసిన పేరా మాత్రం తీసేసి మళ్లీ రాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటే సూర్యుడికి దగ్గరవుతున్నామేమో అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు జవాబు కావాలి. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, చలికి వణుకుతున్నప్పుడు, అప్పుడు దూరం 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో 15.2 కోట్లు. ఎండకు కారణం భూమి అక్షం వంపే. మే 7, 8 ప్రాంతంలో సూర్యుడు నల్లగొండకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా పాతిన బోరు పైపుకు ఆ మధ్యాహ్నం పక్కకు నీడే పడదు. ఆ తర్వాత ఆగస్టు 5 ప్రాంతం దాకా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికే. వానలు ఇంకా రాక, పగలు 13 గంటలకు చేరువై, నేల వేడిని దాచుకుంటూ పోతే వచ్చేదే రోహిణి ఎండ.

గర్భగుడిలో పొద్దంతా ఒకే నీడ కదలకుండా పడే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించి రాసిన వాక్యంలో ‘అద్భుతం’ అని వదిలేశావు. పొద్దంతా కదలకుండా ఉండే నీడ నేరుగా ఎండ వేసే నీడ అయ్యే వీల్లేదు, భూమి తిరుగుతుంటే అలాంటి నీడ జరిగి తీరాలి. ఆ ప్రశ్నను పాఠకుడి ముందు పెట్టు, కట్టినవాళ్ల తెలివికి అదే అసలు గౌరవం.

భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం అంకె కూడా మార్చు. గంటకు 1670 కిలోమీటర్లన్నది భూమధ్యరేఖ దగ్గర, మన 17 డిగ్రీల అక్షాంశం దగ్గర దాదాపు 1600.

పైపు నీడ నువ్వే కొలిచి రాయి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మనం దానికి పడమర ఉన్నాం, అందుకే మేలో మీ దగ్గర మిట్టమధ్యాహ్నం 12 గంటల 9 నిమిషాలకు అటూ ఇటూ అవుతుంది. ఆగస్టులో మబ్బులతో కుదరకపోవచ్చు, మే నెలకే సిద్ధంగా ఉండు.