ఎలుకల మందు కొరికిన కుక్క ‘ఇప్పుడు బాగానే ఉంది’ అంటున్నారా? ముందు రక్త పరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు కొరిటెపాడు. ఇంట్లో మూడేళ్ల ల్యాబ్రడార్, ఒక పిల్లి ఉన్నాయి. డాబా మీద మొక్కలు పెంచుదామనుకుంటున్నాం. వీటికి ప్రమాదమైన మొక్కలేవి? చాక్లెట్, ద్రాక్ష పెట్టకూడదంటున్నారు, నిజమేనా? మొన్న ఆదివారం సామాన్ల గదిలో పెట్టిన ఎలుకల మందు కేకును కుక్క కాస్త కొరికింది. వెంటనే ఉప్పునీళ్లు పట్టి కక్కించాం, ఇప్పుడు బాగానే ఉంది. నిన్నటి నుంచి కొంచెం నీరసంగా పడుకుంటుంటే జ్వరమేమోనని పారాసిటమాల్ సగం బిళ్ల వేశాం. పిల్లికి జలుబు చేసింది, దానికీ అదే వేయొచ్చా? ఎంత వేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మొక్కల సంగతి తర్వాత చూద్దాం. పిల్లికి పారాసిటమాల్ వేయకండి, పావు బిళ్ల కూడా వద్దు. కుక్కను మాత్రం ఈ రోజే, వీలైతే ఇది చదవడం ఆపేసి, దగ్గర్లో ఉన్న పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మీ ఉత్తరం నా చేతికి అందగానే పోర్టల్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. అయినా ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ‘కక్కించాం, ఇప్పుడు బాగానే ఉంది’ అనే మాట నేను వారానికి ఒకసారైనా వింటున్నాను.

ఆదివారం కేకు కొరికింది, మీరు బుధవారం రాశారు. అంటే నాలుగో రోజు. నిన్నటి నుంచి నీరసం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు వేరే ఆలోచన రావడం లేదు. మన దగ్గర కిరాణా కొట్లలో, ఎరువుల షాపుల్లో దొరికే రంగు కేకుల్లో ఎక్కువగా ఉండేది బ్రోమాడియోలోన్ అనే మందు. ఇది ఒంట్లో విటమిన్ కె పనిచేయకుండా అడ్డుకుంటుంది. రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారు చేసే పదార్థాలు కొన్ని ఆ విటమిన్ లేకపోతే తయారు కావు. అప్పటికే రక్తంలో ఉన్న సరుకు రెండు మూడు రోజులు సరిపోతుంది కాబట్టి, ఆ రెండు మూడు రోజులూ కుక్క తింటుంది, తోక ఊపుతుంది, బంతి విసిరితే పరిగెత్తి తెస్తుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ నిల్వ అయిపోయాక లోపల ఎక్కడో రక్తం కారడం మొదలవుతుంది, అదీ చాలాసార్లు బయటికి కనపడదు. ఛాతీలోకి కారితే ఆయాసం, దగ్గు. కీలులోకి కారితే కుంటడం. పేగుల్లోకి కారితే తారులాంటి నల్లటి విరేచనం. ఇవేవీ లేకుండా ఉత్త నీరసంగా, చిగుళ్లు తెల్లబడి, ఒక మూలన పడుకుని ఉండే కుక్కలనూ చూశాను.

మీ కుక్కకు ఇదే జరిగిందని నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. చూడకుండా, పరీక్ష లేకుండా ఎవరూ చెప్పకూడదు కూడా. నీరసానికి పిడుదుల వల్ల వచ్చే జ్వరంతో సహా పది కారణాలుంటాయి. కానీ ప్రోత్రాంబిన్ టైమ్ అనే ఒక్క రక్త పరీక్షతో చాలావరకు తెలిసిపోతుంది. ఈ విషానికి విరుగుడు ఉంది, అదే విటమిన్ కె1. సమయానికి మొదలుపెడితే ఎక్కువ కుక్కలు బతుకుతాయి. కాకపోతే ఆ మాత్రలు ఒకటి రెండు రోజులు వేసి ఆపేసేవి కావు, సాధారణంగా మూడు నాలుగు వారాలు వాడాలి. ఆపిన రెండు రోజులకు మళ్లీ రక్తం పరీక్షించి చూసుకోవాలి. ఇది చదివి మెడికల్ షాపుకెళ్లి ‘విటమిన్ కె ఇవ్వండి’ అని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు కాబట్టి ఇంకో మాట కూడా చెప్తున్నాను: అందులో కె3 అని ఇంకో రకం ఉంది, అది ఈ విషానికి పనికిరాదు. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది కుక్కను తూకం వేసి, చూసిన డాక్టరే నిర్ణయించాలి. అందుకే మోతాదులు ఇక్కడ రాయను.

వెళ్లేటప్పుడు కేకు ప్యాకెట్ పట్టుకెళ్లండి. చింపి పారేసుంటే చెత్తబుట్టలో వెతకండి. దయచేసి దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఎలుకల మందు అని మనం ఒకటే పేరుతో పిలుస్తాం గానీ లోపల ఉండేవి మూడు నాలుగు రకాలు, ఒకదాని వైద్యం ఇంకోదానికి పనికిరాదు. ట్యూబులో వచ్చే పేస్టుల్లో కొన్నింటిలో పసుపు భాస్వరం ఉంటుంది. టమాటా ముక్క మీదో, పకోడీ మీదో రాసి పెడతారే, అదే. అది తిన్న జంతువు మొదటి రోజు వాంతులు చేసుకుని, తర్వాత ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టే ఉండి, ఆ తర్వాత కాలేయం పాడై కామెర్లతో వస్తుంది. దానికి నేరుగా విరుగుడు లేదు. పిండిలో కలిపి ఉండలు చేసి పెట్టే నల్లపొడి జింక్ ఫాస్ఫైడ్. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు అవుతుంది. తిండి పెడితే ఆమ్లం ఊరుతుంది కాబట్టి ‘విషం విరుగుతుంది’ అని అన్నం, పాలు పెట్టడం ఆ విషానికే సాయం చేయడం. ఆ కుక్క వాంతి చేసుకుంటే ఆ గాలి మీకు కూడా మంచిది కాదు. కారులో తీసుకొచ్చేటప్పుడు అద్దాలు దించుకోండి.

ఇక ఉప్పునీళ్లు. దీని మీద నాకు కోపం వస్తుంది, మీ మీద కాదమ్మా, ఈ అలవాటు మీద. ఉప్పు ఎక్కువైతే కుక్క రక్తంలో సోడియం పెరిగి వణుకు, ఫిట్స్ వస్తాయి. తిన్న విషంతో బతకాల్సిన కుక్క పట్టిన ఉప్పుతో పోయే పరిస్థితి వస్తుంది. పైగా వాంతి అయ్యింది కదా అని అందరూ ధైర్యంగా ఉండిపోతారు. కక్కిన దాంట్లో ఎంత విషం బయటికి వచ్చిందో ఎవరు చూశారు? వాంతి చేయించడం మొదటి రెండు గంటల్లోనే కాస్త ఉపయోగపడుతుంది, అదీ అన్ని విషాలకూ కాదు. టాయిలెట్ కడిగే యాసిడ్, కిరోసిన్ లాంటివి తాగినప్పుడు కక్కిస్తే పైకి వస్తూ గొంతును మళ్లీ కాలుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఫిట్స్ వస్తున్నవాటికి, స్పృహ సరిగా లేనివాటికి నోట్లో ఏదీ పోయకూడదు. గుడ్డు తెల్లసొన, కొబ్బరినీళ్లు, నిమ్మరసం, సబ్బునీళ్లు, ఇవన్నీ పట్టి పట్టి ఒక గంట గడిచాక నా దగ్గరకు తెస్తారు. ఆ గంట నాకు కావాలి. ఏదో ఒకటి చేయాలనే ఆత్రం నాకు అర్థమవుతుంది. చేయాల్సిందల్లా నోట్లో మిగిలింది తీసేసి, ప్యాకెట్ పట్టుకుని, ఫోన్ చేస్తూ బయల్దేరడమే.

ఇప్పుడు ఆ సగం బిళ్ల గురించి. పెరిగిన ల్యాబ్రడార్ బరువుకు ఒక్కసారి వేసిన సగం బిళ్లతో పెద్ద ముప్పు ఉండకపోవచ్చు, మళ్లీ మాత్రం వేయకండి. నా బాధ వేరు. నీరసమే మనకు వచ్చిన కబురు. దాన్ని జ్వరం అనుకుని మనుషుల బిళ్ల వేయడంతో ఒక రోజు పోయింది. అదే మీరు నొప్పుల బిళ్ల, ఐబుప్రోఫెన్ గానీ డైక్లోఫినాక్ గానీ వేసి ఉంటే, కడుపులో పుండ్లు పడేవి, కిడ్నీలు దెబ్బతినేవి. రక్తం గడ్డకట్టని కుక్కకు కడుపులో పుండు పడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

పిల్లి విషయం మాత్రం మళ్లీ మళ్లీ చెప్తాను. పారాసిటమాల్‌ను హాని చేయకుండా మార్చి బయటికి పంపే ఎంజైమ్ మన కాలేయంలో ఉన్నంతగా పిల్లి కాలేయంలో ఉండదు. ఆ మందు మారిపోయి రక్తంలోని హిమోగ్లోబిన్‌నే పాడుచేస్తుంది, ఆక్సిజన్ మోయలేని రక్తం అవుతుంది. మనకు మామూలు మోతాదైన 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణం తీయడానికి చాలు. పోయిన వానాకాలంలో ఒక అమ్మాయి, ఇంటర్ చదువుతున్నట్టుంది, తుమ్ముతున్న పిల్లికి సగం బిళ్ల పాలలో కలిపి పట్టి, సాయంత్రానికి తువ్వాలులో చుట్టుకుని తెచ్చింది. మొహం వాచిపోయింది, పాదాలు వాచాయి, చిగుళ్లు చాక్లెట్ రంగులో ఉన్నాయి. విరుగుడు ఎసిటైల్ సిస్టీన్ ఇచ్చాం, ఆక్సిజన్ పెట్టాం. తెల్లవారేదాకా కూడా నిలవలేదు. ఆ అమ్మాయి ప్రేమతోనే వేసింది. అందుకే ఈ సలహా రాసే ప్రతిసారీ ఈ మాట ఎక్కడో ఒకచోట ఇరికిస్తాను. పిల్లలకు వాడే జ్వరం సిరప్ కూడా చాలావరకు అదే మందు. జలుబు బిళ్లల్లో చాలావాటిలో అది కలిసి ఉంటుంది. పేరు వేరుగా ఉందని మోసపోకండి.

గుంటూరు చుట్టుపక్కల కాబట్టి పిడుదుల మందు గురించి కూడా రాయాలి, మీరు అడగకపోయినా. మిర్చికి, పత్తికి కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి కుక్క ఒంటికి రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పశువుల కోసం అమ్మే పిడుదుల మందును సీసా నుంచి నేరుగా ఒంపేవాళ్లూ ఉన్నారు. రాసిన కాసేపటికి చొంగ కారడం, కళ్లలో నీళ్లు, విరేచనాలు, కండరాలు అదరడం, కంటిపాప సూదిమొనంతగా కుంచించుకుపోవడం కనిపిస్తే, అది చాలావరకు ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందు విషం. చేతులకు గ్లవ్స్ వేసుకుని సబ్బుతో కడిగి వెంటనే తీసుకురావాలి, దీనికి వాడే అట్రోపిన్ ఇంజెక్షన్ వైద్యుడు చూసి ఇవ్వాల్సిందే. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ అనే పిడుదుల మందును పిల్లికి రాసినా వణుకు, ఫిట్స్ వస్తాయి. ఇంట్లో కుక్క, పిల్లి ఒకే చాప మీద పడుకుంటాయి కదా, కుక్కకు రాశాక ఆరేదాకా పిల్లిని దూరంగా ఉంచండి. పొలం ఉన్నవాళ్లు స్ప్రేయర్ కడిగిన నీళ్లు గట్టు మీద గుంటలో వదిలేయకండి, కూడా వచ్చిన కుక్క దాహమేస్తే అవే తాగుతుంది. గుళికల మందు సంచి పశువుల కొట్టంలో విప్పి ఉంచకండి.

ఇంతకీ మీరడిగినవి. చాక్లెట్, ద్రాక్ష రెండూ నిజమే. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. పాయసంలో, లడ్డూలో కిస్మిస్ ఉంటుందని మర్చిపోతారు. ద్రాక్షలో ఈ పని చేసేది టార్టారిక్ యాసిడ్ అయి ఉండవచ్చని 2021లో అమెరికా పశువైద్యులు రాశారు. ఆ యాసిడ్ మన చింతపండులో దండిగా ఉంటుంది, చింతపండు తిన్న కుక్కలకు కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కూడా ఆ తర్వాత ప్రచురించారు. మన ఇళ్లలో పులిహోర, పప్పుచారు కలిపిన అన్నమే కుక్కకు పెడతారు. ఒక ముద్దతో ఏమీ కాకపోవచ్చు, రోజూ మాత్రం మానేయండి. ఎలాగూ పప్పుచారులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే చూయింగ్ గమ్, స్వీట్లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అది కుక్కకు గంటలోపే షుగర్ పడిపోయేలా చేస్తుంది.

మొక్కల్లో గన్నేరు, పచ్చగన్నేరు వద్దు, గుండెకు విషం. అందానికి పెట్టే సైకస్ వద్దు, కాలేయం పోతుంది, గింజలు మరీ ప్రమాదం. పిల్లి ఉన్న ఇంట్లోకి లిల్లీ పూల బొకే కూడా తేకండి, దాని పుప్పొడి ఒంటికి అంటుకున్నాక నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పోతాయి. మనీ ప్లాంట్ నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది, ప్రాణం మీదకి రాదు, అయినా అందకుండా ఎత్తులో పెట్టండి. తులసి, మల్లె, మందారం నిక్షేపంగా పెంచుకోండి. కుండీల్లో వేసే ఆముదం చెక్క విషయంలో మాత్రం జాగ్రత్త, ఆ వాసనకు కుక్కలు తవ్వి మరీ తింటాయి.

రాత్రివేళ ఎవరూ దొరకరని కొందరు రాస్తుంటారు. గన్నవరం వెటర్నరీ కాలేజీకి అనుబంధంగా ఆసుపత్రి ఉంది, ఇంట్లో ఎవరికీ ఏమీ కాకముందే ఆ నంబరు, మీ దగ్గర్లోని డాక్టర్ నంబరు ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, వాళ్ల వేళలు కూడా అడిగి ఉంచుకోండి.

మీ పిల్లి జలుబుకు కూడా నేను ఇక్కడ మందు చెప్పను. తింటోందా, ముక్కు నుంచి నీళ్లలా కారుతోందా చీములా వస్తోందా, టీకాలు వేయించారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎలాగూ కుక్కను తీసుకెళ్తున్నారు కాబట్టి పిల్లిని కూడా మూత ఉన్న బుట్టలో పెట్టి తీసుకెళ్లండి. కుక్కను దూకనివ్వకండి, మెట్లు ఎక్కించకండి, మెడపట్టీ బిగించి లాగకండి. ఎత్తుకుని కారులో కూర్చోబెట్టండి. డాక్టర్ గారు అడగకపోయినా ఆదివారం ఎన్ని గంటలకు కొరికింది, ఎంత ముక్క పోయింది, ఉప్పు ఎంత పట్టారు, బిళ్ల ఎప్పుడు వేశారు, ఈ నాలుగూ దాచకుండా చెప్పండి.