ముత్తాత చేతిలో తుపాకీ

శ్రీకాకుళం

అమ్మాయ్,

ముత్తాత వేట మీద నీ కథ అందింది, ఆయన ఫొటో కూడా. కథ రెండుసార్లు చదివాను. ఫొటో మాత్రం మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది. భూతద్దం పెట్టి చూస్తుంటే మీ పిన్ని, "ఏటది, జాతకం చూస్తన్నారా?" అని నవ్వింది.

ముందు తప్పు చెప్పేస్తాను. "ముత్తాత రైఫిల్ ఎత్తి బాతుల గుంపు మీద పేల్చాడు" అని రాశావు. ఎగిరే బాతుని రైఫిల్‌తో కొట్టరమ్మా. దానిలోంచి వచ్చేది ఒక్కటే గుండు, తగలకపోతే మైలు దాటిపోతుంది. పిట్టల వేటకి వాడేది షాట్‌గన్. దాని తూటాలో చిన్న చిన్న సీసపు గుండ్లు వందల్లో ఉంటాయి, గొట్టం దాటాక విసిరిన వలలా పరుచుకుంటాయి. విజయనగరం, వేట అనగానే మనకి అక్కడి మహారాజకుమారుడు విజ్జీగారూ, ఆయన కొట్టారని చెప్పుకునే మూడొందల పైచిలుకు పులులూ గుర్తొస్తాయి కదా. ఆ పులుల రైఫిలే నీ చెరువు గట్టు మీదకి నడిచొచ్చినట్టుంది.

ఈ రెండింటినీ ఫొటోలో ఎలా పోల్చాలంటావా? గొట్టాలు రెండున్నంత మాత్రాన షాట్‌గన్ అనుకోకు, రెండు గొట్టాల రైఫిళ్ళూ ఉండేవి. గొట్టం చివర చూడు. రంధ్రం బొటనవేలంత పెద్దదిగా, అంచు పల్చగా ఉంటే షాట్‌గన్. గురి చూడ్డానికి చివర చిన్న పూస తప్ప ఇంకేమీ ఉండదు. రైఫిల్‌కి గొట్టం వెనక భాగంలో కూడా గురిపలక ఉంటుంది. "పన్నెండు బోరు" అన్నావు కాబట్టి దాని అర్థం కూడా తెలుసుకో. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను, అంటే 454 గ్రాములు. అందుకే పదహారు బోరు కన్నా పన్నెండు బోరే లావు.

తరవాత తుపాకీ ఏ కాలానిదన్న సంగతి. గొట్టాల కింద పొడుగాటి కడ్డీ ఉంటే మందు దట్టించే పాత రకం. మన సీతంపేట కొండల వైపు నాటు తుపాకీలు చూసుంటావు, అదే పద్ధతి. నీ ఫొటోలో ఆ కడ్డీ లేదు, మనిషి నడుముకి తూటాల బెల్టు ఉంది. అంటే మధ్యకి విరిచి వెనక నుంచి తూటా పెట్టే రకం. పైన రెండు హ్యామర్లు, అంటే తూటాని పేల్చే చిన్న సుత్తులు, కొక్కేల్లా లేచి ఉన్నాయి. ఇక్కడే నేను ఒకప్పుడు బోల్తా పడ్డాను. హ్యామర్లు లోపలే దాగుండే తుపాకీలకి ఆన్సన్, డీలీ అనే ఇద్దరు బర్మింగ్‌హామ్‌లో 1875లో పేటెంట్ తీసుకున్నారు, ఆ రకం బాగా చెల్లింది. అది ఎక్కడో చదివి, హ్యామర్లు బయటికి కనబడితే ఫొటో 1875కి ముందుదే అని ఒక పత్రికలో ధీమాగా రాసేశాను. ఒక పెద్దాయన కార్డు ముక్క రాశారు: "మా నాన్న హ్యామర్ల తుపాకీ కొన్నది నేను పుట్టాక. మీ లెక్కన నాకిప్పుడు వందేళ్ళు దాటాలి." సిగ్గేసింది. బెల్జియంలో లియేజ్ ఊరి నుంచి చవక హ్యామర్ తుపాకీలు ఇరవయ్యో శతాబ్దంలోనూ వస్తూనే ఉన్నాయి. పైగా తుపాకీ మూడు తరాలు బతుకుతుంది. ఫలానా ఏడు కన్నా ముందుది కాదు అని అది చెప్పగలదు, అంతే. ఎంత తరవాతిదో మిగతా వస్తువుల్ని అడగాలి.

నీ ఫొటోలో ముత్తాత చేతికి గడియారం ఉంది. మగవాళ్ళు మణికట్టుకి గడియారం కట్టడం బాగా పెరిగింది 1914-18 యుద్ధం తరవాతే. నీ కథ 1890లో నడుస్తోంది!

ఆ గడియారం కుడిచేతికి ఉంది చూశావా? కోటు పై జేబు కూడా కుడి వైపే. పక్కన ఉత్తరీయంతో నిలబడ్డ పెద్దమనిషి జంధ్యం కుడి భుజం మీద నుంచి దిగుతోంది. మామూలుగా ఎడమ భుజం మీద ఉండేది తద్దినంలోనే అటు మారుతుంది. తద్దినం పెట్టి విస్తరి ముందు నుంచి లేచొచ్చేశాడనుకోవాలా? కాదు, నెగటివ్‌ని తిరగేసి ప్రింట్ వేశారు. జంట గొట్టాల తుపాకీ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి అది ఈ గుట్టు బయటపెట్టదు. మనుషులే పెట్టాలి. అంటే ముత్తాతది ఎడమచేతి వాటం కాదు. నీ కథంతా దాని మీదే నిలబెట్టావని తెలుసు, టెన్షన్ పడకు. ఇంట్లో అందరూ ఈ ఫొటో చూసే "ఆయనది పుర్రచెయ్యి" అని ఇన్నేళ్ళూ చెప్పుకున్నారేమో కనుక్కో. అలా అయితే నాకు ఆ కథే కావాలి, వేట కన్నా.

ఇక పిట్టలు. కావడికి వేలాడే బాతుల్లో రెండింటికి తోక సూదిలా పొడుగ్గా ఉంది. అవి సూదితోక బాతులు, మన చెరువులకి చలికాలంలోనే వస్తాయి. నువ్వేమో ఆషాఢం వానలో తడిపేశావు. చివరనున్న పెద్దదాన్ని "సైబీరియా కొంగ" అన్నావు. తుపాకీనే కొలబద్ద చేసుకో. ఇలాంటివాటి గొట్టం మామూలుగా 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు. పిట్ట కూడా ఇంచుమించు అంతే ఉంది, ముక్కు మధ్య సందు కనిపిస్తోంది. అది ఓపెన్‌బిల్ కొంగ. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చెట్ల మీద గూళ్ళు కట్టుకునేది ఇదే. ఊళ్ళో ఏమన్నా అననీ, దానికీ సైబీరియాకీ సంబంధం లేదు, ఈ దేశపుదే. ఇప్పుడు దాని మీద తుపాకీ ఎత్తితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. అలాగని ముత్తాతని బోనెక్కించకు, వీరుణ్ణీ చెయ్యకు. కావడి మోస్తున్న మనిషి కాళ్ళకి చెప్పుల్లేవు, మోకాళ్ళ దాకా బురద. నీళ్ళలోకి దిగి పిట్టల్ని ఏరి తెచ్చింది ఆయనే. నీ కథలో ఆయనకి ఒక్క వాక్యం కూడా లేదు.

ఆ తుపాకీ ఇంకా మీ అటక మీద ఉంటే నువ్వు ముట్టుకోకు. లైసెన్సు సంగతి మీ నాన్నని అడుగు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించిన కాగితాలేమైనా దొరికితే, వాటిలో తయారీ పేరు, నంబరు ఉండొచ్చు.

ఫొటో వెనక వైపు కూడా ఫోన్‌లో తీసి పంపు. అట్ట చిరగకుండా జాగ్రత్త, మూల దగ్గర స్టూడియో ముద్ర లాంటిదేదో ఇటు వైపుకి ఉబ్బి కనిపిస్తోంది.

ఉంటాను,
మీ బాబాయి