రేపే కొండెక్కుదాం అన్న పాత స్నేహితుడు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఎప్పటి ఫ్రెండో ఉన్నట్టుండి ఫోన్ చేయడం, ఎక్కడికైనా పోదాం అనడం, ఆ ఎక్కడికైనా అన్నది చివరికి ఏదో ఒక కొండ అవడం. అందుకే వాటినన్నిటినీ ఒకచోట పెట్టేశా. పేర్లు వేయొద్దన్నారు కొందరు, కాబట్టి ఎవరివీ వేయట్లేదు.

ప్రశ్న: కాలేజీలో నాలుగేళ్లు రూమ్మేట్, ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కనపడి నవ్వుకోవడం తప్ప సరిగ్గా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. మొన్న రాత్రి పడుకునే టైంకి మెసేజ్ పెట్టాడు, "రేపు ఖాళీయేనారా, పొద్దున్నే ఏదైనా కొండెక్కి సాయంత్రానికి వచ్చేద్దాం" అని. ఏదో సాకు చెప్పి తప్పించుకున్నా. మళ్ళీ ఎప్పుడో ఇలాగే అడుగుతాడు, వాడి సంగతి నాకు తెలుసు. ప్లానింగ్ లేకుండా సరే అనేయొచ్చా? రాత్రికి రాత్రి ఏం చూసుకోవాలి?

జవాబు: సరే అనేయండి. అందరికీ కుదిరే డేట్ కోసం ఆగిన ట్రిప్పులు ఎన్ని గ్రూపుల్లో ఎన్నేళ్ళుగా పడున్నాయో మీకూ తెలుసు. బయల్దేరడం అనుకోకుండా జరిగినా పర్లేదు, వెనక్కి తిరిగే టైం మాత్రం బయల్దేరకముందే అనుకోవాలి, నేను చెప్పేది ప్రధానంగా ఇదొక్కటే. పైకి చేరినా చేరకపోయినా ఫలానా టైం అయ్యేసరికి వెనక్కి తిరిగేద్దాం అని ఇద్దరూ కిందే ఒప్పుకోవాలి, ఎందుకంటే శిఖరం కళ్ళెదురుగా కనిపిస్తున్నప్పుడు "ఇంకో పది నిమిషాలే కదా" అనని మనిషి ఉండడు, ఆ పది నిమిషాలు ముప్పావుగంట అయ్యాక గానీ ఎవరూ వాచీ చూడరు.

ఆ టైం లెక్కేసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పాడు, ఇప్పటికీ నడిచేవాళ్ళు అదే వాడతారు. మన కొలతల్లో చెప్పాలంటే ప్రతి 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఉదాహరణకి దారి 4 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 450 మీటర్లు అనుకోండి, నడకకి 48 నిమిషాలు, ఎత్తుకి 45 నిమిషాలు, మొత్తం గంటన్నర. కానీ ఇది అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే పట్టే టైం. మీరు ఆఫీసు కుర్చీలోంచి లేచి వస్తున్నారు కాబట్టి ఒకటిన్నర రెట్లు చేసుకోండి, రెండుంబావు గంటలు. పైన ఒక గంట కూర్చుంటారు, కూర్చోకపోతే వెళ్ళడం దేనికి. దిగడానికి ఇంకో గంటన్నర, రెండు గంటలు. మొత్తం అయిదు గంటల పని. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మిట్టమధ్యాహ్నానికి కిందుంటారు, అదే లేటుగా లేచి ఎక్కడో ఆగి పదకొండింటికి మొదలుపెడితే మండే ఎండలో ఎక్కి సాయంత్రం నాలుగింటికి గానీ దిగరు. కొండ అదే, ఫ్రెండ్ అతనే, కానీ రోజు వేరేలా ఉంటుంది.

ఇంక రాత్రి చూసుకోవాల్సినవి చెప్తా. ఆ కొండకి మామూలు జనం వెళ్ళొచ్చా, పర్మిషన్ కావాలా, గేటు ఎప్పుడు మూస్తారు అన్నది ముందు చూడండి, అడవిలో ఉన్న కొండలకి ఇది తప్పదు. వాతావరణం సూచన చూడండి, రోజంతా ఎలా ఉంటుంది అని కాదు, గంట గంటకీ చూడండి. మ్యాప్ డౌన్‌లోడ్ చేసిపెట్టుకోండి. జీపీఎస్‌కి మొబైల్ నెట్‌వర్క్ అక్కర్లేదు, అది శాటిలైట్ల నుంచి నేరుగా అందుకుంటుంది, కానీ చుక్క కనిపించి దాని కింద మ్యాప్ ఖాళీగా ఉంటే ఏం లాభం. సిగ్నల్ సరిగ్గా లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ ఎక్కువ పవర్‌తో పనిచేస్తుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, చాలా ఫోన్లలో అప్పుడు కూడా జీపీఎస్ పనిచేస్తుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ. తినడానికి మీకు అలవాటైనదేదో పెట్టుకోండి, ఆరోజే కొత్తగా ఏదీ ట్రై చేయొద్దు. షూస్ కూడా అంతే, పాతవైనా కాలికి సరిపోయినవే మేలు, నిన్న కొన్నవి వద్దు.

ఒక పల్చటి జాకెట్ కూడా. 1000 మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే 600 మీటర్ల కొండకి నాలుగు డిగ్రీలే. అది పెద్ద లెక్కలోది కాదు అనిపిస్తుంది, కానీ చెమటతో తడిసిన చొక్కాతో పైన గాలిలో కూర్చుంటే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది, అప్పుడు కబుర్లు సగంలో ఆపి దిగిపోవాల్సి వస్తుంది.

ప్రశ్న: నా స్కూల్ ఫ్రెండ్ రోజూ పరిగెత్తే మనిషి. నేను రెండు ఫ్లోర్లు ఎక్కితే ఆయాసపడతా. దానితో వెళ్తే ప్రతి మలుపు దగ్గరా నా కోసం ఆగాల్సి వస్తుందేమో అని మొహమాటంగా ఉంది. రానని చెప్పేయనా?

జవాబు: రానని చెప్పకండి, నువ్వు వెనక నడవవే అని చెప్పండి. నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందుండాలి, ఇద్దరికైనా ఇరవైమందికైనా ఇదే పద్ధతి. ఆవిడ ముందుంటే ఏమవుతుందంటే, గబగబా వెళ్ళి మలుపు దగ్గర కూర్చుంటుంది, మీరు రొప్పుతూ చేరేసరికి ఆవిడ రెస్ట్ అయిపోయి లేచి నిలబడుతుంది, మీకు రెస్ట్ ఉండదు, ఆవిడకి అవసరం లేని రెస్ట్ దొరుకుతుంది. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ స్పీడు సరిగ్గా ఉన్నట్టు, మాట మాటకీ మధ్య గాలి పీల్చుకోవాల్సి వస్తుంటే తగ్గించండి. ఇద్దరు పాత స్నేహితులకి ఇంతకంటే మంచి స్పీడోమీటర్ ఏముంటుంది, వెళ్ళేదే మాట్లాడుకోవడానికి కదా. అయితే గుండెలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా మొహమాటం పక్కనపెట్టి ఆగాల్సిందే, ఆరోజుకి ఎక్కడం అంతటితో చాలు. గుండె జబ్బో, ఉబ్బసమో ముందునుంచీ ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే.

ఇంకోటి చెప్తా. 2008లో సిమోన్ ష్నాల్ అనే సైకాలజిస్టూ ఆమెతోటి పరిశోధకులూ ఒక ప్రయోగం చేశారు, కొండ ముందు నిలబెట్టి అది ఎంత ఏటవాలుగా ఉందో చెప్పమన్నారు. ఒంటరిగా నిలబడ్డవాళ్ళకి కన్నా పక్కన ఫ్రెండ్ ఉన్నవాళ్ళకి కొండ తక్కువ ఏటవాలుగా అనిపించింది. స్నేహం ఎంత పాతదైతే అంత తక్కువగా! వాలు అంచనాల మీద చేసిన ఇలాంటి ప్రయోగాలని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు, నిజంగా కంటికి అలా కనిపిస్తుందా, లేక అడిగినప్పుడు అలా చెప్తారా అని వాళ్ళ వాదన. ఏదైతేనేం, మీ మోకాళ్ళకి ఆ వాదనతో పని లేదు.

కొండకి తోడు ఎవరన్నది చాలా పాత తలనొప్పేనండీ. ఇటలీ కవి పెట్రార్క్ 1336 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని వాంటూ పర్వతం ఎక్కాడు. ఎవర్ని తీసుకెళ్ళాలా అని స్నేహితుల్ని ఒక్కొక్కర్నీ తలుచుకున్నాడట, ఒకడు మరీ నెమ్మది, ఇంకొకడు మరీ తొందర, ఇలా ప్రతివాళ్ళకీ ఏదో ఒక వంక పెట్టి చివరికి తమ్ముణ్ణి తీసుకుపోయాడు. తీరా చూస్తే తమ్ముడు నిటారు దారిన చకచకా పైకి పోతుంటే ఈయనే సులువైన దారి కోసం వెతుక్కుంటూ కిందా మీదా తిరిగాడు. కాబట్టి మీ ఫ్రెండ్‌కి వంకలు పెట్టే ముందు ఈయన్ని గుర్తుచేసుకోండి.

ప్రశ్న: నేనే పిలుద్దామనుకుంటున్నా, కానీ ఆరేళ్ళుగా పలకరింపు లేదు. ఉన్నట్టుండి "కొండకి వస్తావా" అంటే ఏమనుకుంటాడో. వచ్చాక మాటలు దొరక్కపోతే?

జవాబు: పిలవండి. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో పెగ్గీ లియూ బృందం 2022లో అచ్చం దీని మీదే పరిశోధన ప్రచురించింది, ఉన్నట్టుండి పలకరిస్తే అవతలివాళ్ళు ఎంత సంతోషిస్తారో పలకరించేవాళ్ళు తక్కువ అంచనా వేస్తారని తేలింది. అనుకోని పలకరింపు అయితే సంతోషం ఇంకా ఎక్కువ. రాలేనంటే రాలేనంటాడు, అంతకుమించి ఏం కాదు. మాటల గురించి అసలు బెంగ వద్దు. హోటల్లో ఎదురెదురుగా కూర్చుంటే రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే ఇబ్బందిగా ఉంటుంది గానీ, ఎక్కేటప్పుడు అరగంట మాట లేకపోయినా ఊపిరి కోసం అనుకుంటారు. జీతం ఎంత, ఇల్లు కొన్నావా లాంటివి కిందే వదిలేయండి. పాత సంగతుల్లో అప్పటి గొడవేదైనా ఉంటే అది ఎక్కేటప్పుడు ఎత్తొద్దు, దిగేటప్పుడు ఎత్తండి, ఎక్కేటప్పుడు ఎవరికైనా కోపం తొందరగా వస్తుంది.

ప్రశ్న: 400 మీటర్ల కొండ మీంచి ఎంత దూరం కనిపిస్తుంది? మా వాడు వంద కిలోమీటర్లు అని పందెం కాశాడు.

జవాబు: పందెం మీదే. చుట్టూ చదునైన నేల ఉంటే, దానికన్నా మీరు ఎన్ని మీటర్ల పైన ఉన్నారో ఆ అంకెకి వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 400కి వర్గమూలం 20, అంటే 71 కిలోమీటర్లు. గాలిలో వెలుగు కొంచెం వంగుతుంది కాబట్టి ఇంకాస్త దూరం కలుస్తుంది, అయినా వంద దాటదు. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. కాకపోతే మీ వాడు తెలివైనవాడైతే ఒక మెలిక పెడతాడు చూడండి, దిగంతం అవతల ఇంకో ఎత్తైన కొండ ఉంటే దాని కొన కనిపిస్తుంది కదా అంటాడు, అది నిజమే. ఇదంతా గాలి తేటగా ఉంటేనే. వాన పడి వెలిసిన మర్నాడు వెళ్ళండి, దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది.

ప్రశ్న: ఎక్కేటప్పుడు బాగానే ఉంది, దిగిన మర్నాడు కూడా పర్లేదు, రెండో రోజు మెట్లు దిగలేకపోయా. ఎందుకిలా?

జవాబు: దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బ్రేకులా పనిచేస్తాయి, అంటే సాగుతూనే బరువు ఆపుతాయి. అలవాటు లేని కండరాలకి దీనివల్ల సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది, ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. కొద్ది వారాల్లోపు మళ్ళీ వెళ్తే ఇంత ఉండదు. ఈసారి చిన్న చిన్న అడుగులు వేయండి, చేతికర్ర ఉంటే మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. కండరంలో కాకుండా మోకాలి కీలులోనే పొడిచినట్టున్నా, వాచినా మాత్రం డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: పైన ఉండగా ఉరిమితే ఏ చెట్టు కిందికి వెళ్ళాలి?

జవాబు: ఏ చెట్టు కిందికీ వద్దు, ముఖ్యంగా ఒంటరి చెట్టు కిందికి. శిఖరం మీంచీ, గట్టు అంచు మీంచీ వెంటనే దిగడం మొదలుపెట్టండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు చొప్పున దూరం, ముప్పై సెకన్లలోపు వినిపించిందంటే పిడుగు మీ దగ్గర కూడా పడేంత దగ్గరున్నట్టు. మంచి బిల్డింగో, డోర్లు మూసిన కారో దొరికితే అందులోకి వెళ్ళి చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు.

ప్రశ్న: సూర్యాస్తమయం చూసే దిగుదామని నా ఫ్రెండ్ పట్టు. అది చూడకపోతే ఇంక ఎందుకు అంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇద్దరికీ చెరో టార్చి ఉందా? దారి ముందే తెలుసా? గేటు తెరిచే ఉంటుందా? మూడింటికీ అవునంటే చూడండి. లేకపోతే సగం దారి దిగాక పడమర వైపు తెరిపిగా ఉన్న చోట ఆగి చూడండి, అక్కడినుంచీ అదే సూర్యుడు. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, అస్తమయం తర్వాత నడవడానికి పనికొచ్చే వెలుతురు ఇరవై, పాతిక నిమిషాలే ఉంటుంది, చెట్ల కింద అది కూడా ఉండదు. ఎంత టైం ఉందో తెలియాలంటే చెయ్యి చాపి పిడికిలి పట్టండి, అది దాదాపు పది డిగ్రీలు, సూర్యుడు గంటకి పదిహేను డిగ్రీలు కదులుతాడు, అంటే దిగంతానికీ సూర్యుడికీ మధ్య ఒక పిడికిలి పడితే అస్తమయానికి నలభై నిమిషాలు. సూర్యుణ్ణి సూటిగా చూడకుండా పక్కనుంచి కొలవండి. రెండు పిడికిళ్ళు పడుతున్నప్పుడే బ్యాగులు సర్దడం మొదలుపెట్టించండి, ఆవిడ ఫోటోలు దిగడం ఆపేసరికి ఒక పిడికిలి ఎలాగూ అయిపోతుంది.