ఉదయం పెట్టిన తడి సాయంత్రానికి ఆరిపోతోంది

ప్రశ్న: మా పెరటి నేలలో ఇసుక పాలు ఎక్కువ. ఉదయం నీరు పెట్టినా సాయంత్రానికి పొడిబారుతోంది. వంగ, టమాటా మొక్కలు మధ్యాహ్నానికే వాలిపోతున్నాయి. బంకమట్టి తెచ్చి కలిపితే తేమ నిలుస్తుందా?

జవాబు: బంకమట్టి తోలించకండి. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి కనుక నీరు త్వరగా కిందికి జారిపోతుంది. ఆ సందులను పూడ్చాలన్న మీ ఆలోచన సరైనదే. కానీ పారతో ఎంత తిరగేసినా బంకమట్టి ఇసుకలో సమంగా కలవదు. గడ్డలుగా మిగిలి, ఎండితే రాళ్లలా బిగుసుకుంటుంది.

మీ నేలలో కొరత సేంద్రియ పదార్థానిది. ఖాళీ మడిపై బాగా మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్టును 2 నుంచి 3 అంగుళాల మందాన పరచి, పైనున్న 6 నుంచి 8 అంగుళాల మట్టిలో కలియబెట్టండి. అది నీటిని పట్టి ఉంచుతుంది. అది కుళ్లేటప్పుడు పుట్టే జిగురు ఇసుక రేణువులను చిన్న గుళికలుగా అతుకుతుంది. మాగిన ఎరువే వాడాలి, పచ్చి పేడ వేళ్లకు చేటు. రంపపు పొట్టును కూడా మట్టిలో కలపవద్దు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకోవడంతో ఆకులు పసుపుబారతాయి.

ఒక్కసారి వేసి వదిలేస్తే లాభం లేదు. వేడి నేలలో సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది, ప్రతి పంటకు ముందూ వేస్తుండాలి. మడి ఖాళీగా ఉండే రోజుల్లో జనుము చల్లి, పూతకు రాగానే మట్టిలో కలిపేయండి. తర్వాత రెండు మూడు వారాలు ఆగి నారు నాటుకోవచ్చు.

ఇప్పుడున్న మొక్కల మొదళ్లను మాత్రం తవ్వకండి, వేళ్లు తెగుతాయి. ముందు బాగా తడిపి, ఆపైన ఎండుటాకులు లేదా గడ్డి 2, 3 అంగుళాల మందాన కప్పండి. పొడి నేల మీద కప్పితే తేలికపాటి జల్లు ఆ కప్పులోనే ఇంకిపోతుంది. కాండం చుట్టూ రెండు అంగుళాల మేర ఖాళీ వదలండి, లేదంటే మొదలు కుళ్లుతుంది. ఈ ఒక్క పనితోనే మీకు వారంలో తేడా తెలుస్తుంది. నన్నడిగితే ఎరువు కన్నా ముందు చేయవలసింది ఇదే.

పూర్తిగా ఎండిన ఇసుక నేల ఒక్కోసారి నీటిని పీల్చుకోదు, పైపైనే పారించేస్తుంది. అలాంటప్పుడు కొద్దిగా తడిపి, పావుగంట ఆగి మళ్లీ పెట్టండి. తర్వాత ఒకచోట తవ్వి చూడండి. తడి జానెడు లోతుకైనా దిగకపోతే ఆ నీరు చాలలేదన్నమాట.

ఇక మధ్యాహ్నం వాలిపోవడం. ఎండ వేళ ఆకులు వాలడం ప్రతిసారీ దాహం కాదు. రెండు అంగుళాల లోతున వేలికి తడి తగిలి, సాయంత్రానికి ఆకులు తేరుకుంటే నీరు అక్కరలేదు. మట్టిలో తడి ఉండి కూడా తెల్లవారేసరికి వాడిపోయి కనిపిస్తే మాత్రం అనుమానించాలి. ఒక మొక్కను పీకి కాండాన్ని నిలువునా చీల్చండి. లోపల గోధుమరంగు చార కనిపిస్తే అది ఎండు తెగులు కావచ్చు. దానికి ఇక్కడ చెప్పిన చికిత్స పనికిరాదు.