ఇంట్లో పాఠం, తరగతిలో సాధన

ప్రశ్న: శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయిని, పాఠం ముందురోజే ఫోన్‌లో వీడియోగా చూసి రమ్మంటున్నారు. ఇక తరగతిలో అధ్యాపకులు చేసేదేమిటి?
– ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: అసలు పని అప్పుడే మొదలవుతుందండీ. 2007లో అమెరికాలోని కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు బడికి రాలేని పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడంతో ప్రచారం పొందిన ఈ పద్ధతిలో, వినవలసినది ఇంటివద్ద ముగిసి, చేయవలసినది గురువు ఎదుట జరుగుతుంది. 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్‌తో (సెలైన్ ఎక్కించే గొట్టంతో) నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలన్న లెక్క వీడియోలో తెలుస్తుంది. గడియారం చూస్తూ ఆ వేగాన్ని సరిచేసే నేర్పు మాత్రం, తప్పు దిద్దేవారు పక్కనుంటేనే అబ్బుతుంది. వీడియో చూడకుండా వెళ్తే ఆ గంట వృథాయే. సిగ్నల్ అందని కొండ ఊళ్ల పిల్లలకు కళాశాలలోనే వీడియోను ఫోన్లలోకి ఎక్కించి పంపడం అధ్యాపకుల బాధ్యతని నా అభిప్రాయం.